నీటి గీత

సాయంత్రం అయిదింటికి ఇస్సాకు టిఫిన్ క్యారేజీని చేత్తో ఎత్తి చూశాడు. చూసి మళ్ళీ కింద పెట్టాడు.

"అన్నయ్య గారూ, ఇది తిన్న క్యారేజీ కాదండీ."

"తిన్నాను," అన్నాడు షంషుద్దీన్, బాయిలర్ మీంచి చూపు తిప్పకుండా.

ఇస్సాకు మూత తీశాడు. అన్నం అలాగే ఉంది. వంకాయ కూర అలాగే ఉంది. అన్నం మీద ఉడకబెట్టిన గుడ్డు కూడా అలాగే ఉంది.

"అయితే ఈ గుడ్డు ఎవరు పెట్టారండీ? మన బాయిలరా?"

ఇస్సాకు నవ్వాడు. పదేళ్ళుగా ఆ బాయిలర్ పొయ్యిలోకి ఊక తోస్తున్న మనిషి. అతని నవ్వులో కూడా ఊక దుమ్ము ఉంటుంది. షంషుద్దీన్ కూడా నవ్వాడు.  మధ్యాహ్నం భోజనం చేసినట్టు అతనికి స్పష్టంగా గుర్తుంది. గోడ నీడలో కూర్చున్నాడు. వంకాయ కూర కలుపుకున్నాడు. గుడ్డుని రెండు ముక్కలు చేశాడు.

అంటే అది ఇవాళ కాదు. ఎప్పటిదో.

అతను క్యారేజీ ముందేసుకుని గబగబా తినేశాడు. రుచి తెలియలేదు. ఇంట్లో భార్య నసీమాకి ఖాళీ గిన్నెలు కనపడితే చాలు.

తాడేపల్లిగూడెం ఊరి చివర బంగార్రాజు గారి ఉప్పుడు బియ్యం మిల్లులో షంషుద్దీన్ బాయిలర్ ఆపరేటరు. నానబెట్టిన ధాన్యానికి ఆవిరి పట్టించాలి. ఆ ఆవిరికి మంట ఉండాలి, నీళ్ళుండాలి. మంట సంగతి ఇస్సాకు చూసుకుంటాడు. నీళ్ళ సంగతి షంషుద్దీన్‌ది. బాయిలర్ ముఖం మీద జానెడు పొడుగు గాజు గొట్టం నిలువుగా ఉంటుంది. అందులో నీటి గీత ఎక్కడుంటే బాయిలర్లో నీళ్ళు అక్కడున్నట్టు. గీత దిగితే పంపు వేయాలి. ఎక్కితే ఆపాలి. అంతే ఉద్యోగం. పదిహేడేళ్ళుగా చేస్తున్నది అదే.

కానీ నీళ్ళు అడుగంటి, లోపలి గొట్టాలు ఎర్రగా కాలి ఉన్నప్పుడు తెలియక పంపు వేస్తే, ఆ చన్నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై పొంగితే, షెడ్డు ఉండదు. షెడ్డు గోడకి ఆనుకుని ఎవరైనా కూర్చుంటే వాళ్ళూ ఉండరు.

గాజు గొట్టాలు రెండుండాలి. ఎడమవైపుది పదిరోజుల క్రితం చిట్లింది. వాల్వు కట్టేసి వదిలేశారు.

ఈ మధ్య షంషుద్దీన్ గోడ మీద సుద్దముక్కతో గీతలు గీస్తున్నాడు. పంపు వేసినప్పుడల్లా ఒక గీత. ఎవరైనా అడిగితే "ఊరికే" అనేవాడు. ఎవరూ అడగలేదు.

గుమ్మంలో తెల్ల పంచె కనిపించింది. బంగార్రాజు గారు కోపంగా మాట్లాడటం మిల్లులో ఎవరూ వినలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తప్పు చేసినవాడిలా లోపలికొస్తారు.

"సాయిబు గారూ, శుక్రవారం ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారండీ."

"అలాగేనండీ."

"లాగ్‌బుక్కులో తాతారావు సంతకాలు అన్నీ ఉన్నాయి కదండీ?"

రెండో షిఫ్టు ఆపరేటరు తాతారావు ఫిబ్రవరిలోనే మానేసి, పెదవేగి వైపు పామాయిల్ ఫ్యాక్టరీలో చేరిపోయాడు. ఇప్పుడు మే నెల నడుస్తోంది. రెండో పంట దాళ్వా ధాన్యం లారీలు గేటు బయట వరస కట్టాయి. రెండు షిఫ్టులూ షంషుద్దీనే చేస్తున్నాడు. తాతారావు సంతకం కూడా అతనే పెడుతున్నాడు.

"ఉన్నాయండీ."

"మీరు లేకపోతే ఈ మిల్లు లేదండీ. పైనున్న దేవుడికి తెలుసు. ఈ సీజన్ ఒక్కటి గట్టెక్కించండి, ఇంకో మనిషిని పెట్టేద్దాం."

కిందటేడూ ఇదే మాట. అప్పుడు కూడా చేతులు వెనక్కే కట్టుకున్నారు.

"రేపు పొద్దున ఒక్కపూట సెలవు కావాలండీ. ఏలూరు వెళ్ళాలి."

"అయ్యో, వెళ్ళండి. ఎలాగూ పొద్దున ధాన్యం నానుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికి మాత్రం వచ్చేయండేం?"

ఆయన వెళ్ళాక షంషుద్దీన్ గోడ వైపు చూశాడు. ఆరు గీతలు. వేసింది ఆరుసార్లేనా? గీత గీశాక పంపు దగ్గరికి వెళ్తాడా, పంపు వేసొచ్చి గీత గీస్తాడా?

అతనికి తెలియలేదు.

మర్నాడు ప్యాసింజరు ఏలూరు చేరేసరికి తొమ్మిదయింది. డాక్టరు తేజస్వి ముప్పయ్యేళ్ళు దాటని మనిషి. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆవిడ స్టెతస్కోపు ముట్టుకోలేదు.

"షంషుద్దీన్ గారూ, మీరు రైల్లో వచ్చారు కదా. ఇక్కణ్ణుంచి గూడెం దాకా స్టేషన్లు వరసగా చెప్పండి."

షంషుద్దీన్ నవ్వాడు. ఇదీ ఒక పరీక్షేనా? చిన్నప్పటినుంచి తిరుగుతున్న దారి.

"పవర్‌పేట. దెందులూరు. భీమడోలు. పూళ్ళ."

ఆగాడు. పూళ్ళ తర్వాత స్టేషను కళ్ళకి కనిపిస్తోంది. ప్లాట్‌ఫారం మీద నీళ్ళ కుళాయి, ఎర్ర బెంచీ. పేరు మాత్రం రావట్లేదు.

"పూళ్ళ..." అన్నాడు మళ్ళీ. "దెందులూరు."

పక్కనున్న నసీమా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"ఫరవాలేదండీ," అంది డాక్టరు. "ఇలా నీరసపడి మంచాన పడటం ఇదే మొదటిసారా?"

షంషుద్దీన్ నోరు తెరిచేలోగా నసీమా అందుకుంది. "మూడోసారండీ. మూడేళ్ళ క్రితం మొదటిసారి పదిహేను రోజుల్లో లేచి పనికి వెళ్ళిపోయారు. కిందటేడు రెండు నెలలు పట్టింది."

"ఇప్పుడు ఎన్నాళ్ళయింది మంచాన పడి?"

"పడలేదండీ. రోజూ పనికి వెళ్తున్నారు. అందుకే భయంగా ఉంది."

డాక్టరు కాగితం మీద పెన్ను పెట్టి తీసేసింది.

"ఆ రెండుసార్లూ మీరు బాగుపడి వెళ్ళలేదండీ. బాగున్నట్టు అనిపించగానే వెళ్ళిపోయారు. ఒళ్ళు పది రోజుల్లో లేస్తుంది. మెదడు అంత తొందరగా లేవదు. జ్ఞాపకం పెట్టుకోవటం, ఒక పని మీద మనసు నిలపటం, వీటికి విశ్రాంతి చాలకుండానే మళ్ళీ అదే పనిలోకి దిగారు. ప్రతిసారీ అంతకుముందు కంటే తొందరగా అలిసిపోతారు. ప్రతిసారీ కోలుకోవటానికి ఎక్కువ కాలం పడుతుంది. రక్తపరీక్షలూ, స్కానూ రాస్తాను. వాటిలో ఏమీ కనపడకపోవచ్చు. కనపడలేదు కదా అని మాత్రం పనిలోకి వెళ్ళొద్దు."

షంషుద్దీన్ అరచేతుల్లోని కాయలు చూసుకుంటూ అన్నాడు. "బాయిలర్లో గొట్టం ఒకసారి కాలి ఉబ్బితే మళ్ళీ వెనక్కి రాదండీ. కోసి కొత్తది వేస్తాం."

"ఇది ఇనుము కాదండీ," అంది డాక్టరు. "కొయ్యక్కర్లేదు. చాలావరకు వెనక్కి వస్తుంది. కానీ ముందు మంట ఆపాలి. ఆరు నెలలు. ఏడాది కూడా కావచ్చు. మునుపటంత వస్తుందని నేను మాటివ్వను."

ఏడాది. షంషుద్దీన్ ఆ మాటని నోట్లో రాయిలా ఉంచుకున్నాడు.

"ఒక్క ప్రశ్న. ఏదైనా గుర్తులేనప్పుడు మీరేం చెబుతారు?"

"చేశానని చెబుతానండీ."

"ఎందుకు?"

"పదిహేడేళ్ళుగా చేస్తూనే ఉన్నాను కదండీ. చేసే ఉంటాను."

ఆవిడ పరీక్షల చీటీ రాసి ఇచ్చింది. "ఇకమీదట గుర్తులేదని చెప్పండి. మందులకంటే ముందు అది మొదలుపెట్టండి."

బయటికొచ్చాక నసీమా మెట్ల మీదే ఆగింది. "మా తమ్ముడు ఫహీమ్ రమ్మంటున్నాడండీ. కిందటేడు కొల్లేట్లో గవర్నమెంటు వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశాక, పనివాళ్ళంతా వెళ్ళిపోయి ఆ ఇంట్లో వాడు, వాడి పెళ్ళామే. ఎన్నాళ్ళున్నా అడిగేవాళ్ళు లేరు."

"శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. అది అయ్యాక చూద్దాం."

"మీకు ఇప్పుడే డాక్టరమ్మ ఏం చెప్పిందో గుర్తుందా?"

అది వెటకారమో, నిజంగా అడిగిందో అతనికి తెలియలేదు. "గుర్తుంది," అన్నాడు.

రైలు పూళ్ళ దాటింది. కిటికీలోంచి బోర్డు కనిపించింది. కైకరం. మరిచిపోకుండా పైకే చదువుకున్నాడు. నసీమా అతని భుజం మీద చెయ్యి వేసింది, తియ్యలేదు.

మర్నాడు, గురువారం, పన్నెండున్నర అయింది.

షెడ్డు బయట గోడ నీడలో ఆడవాళ్ళు ఏడుగురు క్యారేజీలు విప్పుకున్నారు. కళ్ళంలో ధాన్యం తిరగేసేవాళ్ళు. ఆ వేళకి మిల్లు మొత్తానికి నీడ ఉండేది ఆ గోడకే. ఇస్సాకు భార్య కృపమ్మ గొంతు గోడ అవతలి నుంచి వినిపిస్తోంది.

"ఒసే, ఆ పచ్చడి ఇలా తోయవే. నీ ఒక్కదానికే చేసిందా మీ అత్త?"

షంషుద్దీన్ గాజు వైపు చూశాడు.

గీత లేదు.

దగ్గరికెళ్ళి చూశాడు. మెడలో తువ్వాలు తీసి గాజు తుడిచాడు. కింద లేదు. పైన లేదు. గాజంతా ఒకటే రంగు.

 గాజు నిండుగా ఉన్నా గీత కనపడదు. పూర్తిగా ఖాళీ అయినా కనపడదు. రెండూ ఒకేలా ఉంటాయి. నీళ్ళు ఎక్కువైతే ప్రమాదం తక్కువ. ఆవిరి తడిగా వస్తుంది, అంతే. నీళ్ళు లేకపోతే?

గాజు వెనక గళ్ళ రేకు పెట్టి చూశాడు. నీళ్ళుంటే గళ్ళు లావుగా కనిపించాలి. కానీ గాజు లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న పసుప్పచ్చ పొర. గళ్ళు అలికినట్టు కనిపించాయి. కింది వాల్వు తిప్పాడు. బుస్సుమని తెల్లగా చిమ్మింది. నీళ్ళయినా అంత వేడికి ఆవిరిగానే చిమ్ముతాయి. రెండో గాజు ఉంటే పోల్చుకోవచ్చు. రెండో గాజు లేదు.

ఇక మిగిలింది ఒక్కటే. పంపు ఎప్పుడు వేశాడు?

గోడ వైపు తిరిగాడు. నాలుగు గీతలు. నాలుగోది గీశాక పంపు వేశాడా? వేసి, ఆపటం ఆలస్యమైతే బాయిలర్ నిండిపోయి ఉంటుంది. గీత గీసి, అసలు పంపే వేయకపోతే...

"ఇస్సాకూ!"

"అండీ."

"ఇందాక నేను పంపు వేశానా?"

ఇస్సాకు చేతిలో ఊక పార ఆగింది. "మీరు స్విచ్ దగ్గర నిలబడటం చూశానండీ."

"వేశానా, ఆపానా?"

"అది చూళ్ళేదండీ. మీకు తెలీదా?"

సరిగ్గా అప్పుడే బంగార్రాజు గారు గుమ్మంలోకి వచ్చారు. "ఏవండీ, రెండో ట్యాంకుకి ఆవిరి వదలమంటున్నారు. నానటం అయిపోయిందట. ఏమైందండీ?"

"గీత కనపడట్లేదండీ."

ఆయన కూడా వచ్చి గాజులోకి చూశారు. ఇన్నేళ్ళుగా ఆ గాజు ముందు నుంచి నడిచిన మనిషి. చూడటం అదే మొదటిసారి. "మరి పంపు వేశారు కదండీ?"

షంషుద్దీన్ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి స్విచ్ మీదుంది. నల్లటి స్విచ్. పైకి నొక్కాడు. పంపు గుర్రుమంది. పాదాల కింద నేల అదిరింది. అంతా స్పష్టంగా కనిపించింది. వినిపించింది కూడా. వేశాను. వేసే ఉంటాను.

నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట.

అంత స్పష్టంగానే గుడ్డుని రెండు ముక్కలు చేయటం కూడా కనిపించింది.

"ఇస్సాకూ, ఊక ఆపు."

"అన్నయ్య గారూ?"

"ఆపమన్నాను. పొయ్యి ఫ్యాను కట్టెయ్. ఆవిరి లైను ముట్టుకోవద్దు. పంపు వైపు ఎవరూ వెళ్ళొద్దు." అప్పటికే అతను గుమ్మం దాటాడు. "కృపమ్మా! లేవండి అందరూ! క్యారేజీలు వదిలేయండి!"

"ఇదేంటండీ, ముద్ద నోట్లో ఉండగా..."

"మింగుతూ పరిగెత్తు తల్లీ! గేటు దాకా! లే!"

పదిహేడేళ్ళలో షంషుద్దీన్ అలా అరవటం ఎవరూ వినలేదు. ఏడుగురూ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరిగెత్తారు. అతను స్విచ్‌బోర్డు దగ్గరికెళ్ళి పంపు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తనని తనే నమ్మలేకపోయాడు. అలవాటు కొద్దీ తన చెయ్యే వెళ్ళి స్విచ్ నొక్కితే?

"సాయిబు గారూ," బంగార్రాజు గారి గొంతు ఇప్పటికీ మెత్తగానే ఉంది. "ట్యాంకుల్లో ధాన్యం ఉందండీ. ఈ ఎండలో ఆవిరి పట్టకపోతే రేపటికి పులిసిపోతుంది. మీరే కదా పంపు వేశారు?"

"మీరు కూడా గేటు దాకా నడవండి."

"వేశారా లేదా?"

 షంషుద్దీన్ ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. ఆయన్ని అలా పట్టుకోవటం కూడా అదే మొదటిసారి.

లోపల మంట మెల్లగా తగ్గుతోంది. ప్రెజర్ ముల్లు దిగటానికి గంటలు పట్టింది. గేటు దగ్గర వేపచెట్టు కింద అందరూ నిలబడి చూశారు. ఏమీ పేలలేదు. కృపమ్మ వదిలేసిన క్యారేజీల మీద కాకులు వాలాయి.

శుక్రవారం పొద్దున బాయిలర్ చల్లబడింది. పులిసిన ధాన్యం వాసన మిల్లంతా కమ్మింది. ఇస్సాకు పైకెక్కి మూత బోల్టులు విప్పాడు. కింద బంగార్రాజు గారు, గుమస్తా, పదిమంది కూలీలు. వాళ్ళ మధ్య బాయిలర్ ఇన్‌స్పెక్టరు భీమశంకరం, చంకలో ఫైలు, చేతిలో టార్చి.

షంషుద్దీన్ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కలేదు.

ఇస్సాకు లోపలికి తొంగి చూశాడు. చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా తడిసి బయటికొచ్చింది.

"నిండుగా ఉందండీ," అన్నాడు మెల్లగా. "మూతి దాకా ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. షంషుద్దీన్ ఎదురుచూసినది తిట్లు. బంగార్రాజు గారు తిట్టలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా వచ్చి అతని భుజం తట్టారు.

"చూశారా? వేశారు! నేను చెప్పానా లేదా? మీకేం మరుపు లేదండీ. అన్నీ సరిగ్గానే చేశారు. అనవసరంగా కంగారుపడ్డారు, అంతే. పోయిన ధాన్యం పోయింది, నేనేమీ అనుకోను. ఇన్‌స్పెక్టరు గారి సంతకం అవగానే మంట వేసేద్దాం."

కృపమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ అంది. "పోన్లెండి అన్నయ్య గారూ. బానే ఉన్నారు. మేమే భయపడ్డాం."

షంషుద్దీన్ నిచ్చెన వదల్లేదు. నిన్న మధ్యాహ్నం నుంచీ అతను ఖాళీ బాయిలర్ని ఊహించుకున్నాడు. ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తెలుసు. క్షమించమని అడగాలి, ఇంటికెళ్ళాలి. నిండుగా ఉంటుందని అనుకోలేదు. పంపు వేశాడు. వేసినట్టు గుర్తుంది కూడా. తినకుండా తిన్నట్టు గుర్తున్నదీ ఇలాగే ఉంది. ఏది చేసిందో, ఏది చేయనిదో విడదీసి చూపించే గీత అతనిలో లేదు. రేపు కూడా ఉండదు. రేపు నిజంగా ఖాళీగా ఉన్నప్పుడు, ఇవాళ్టి నవ్వు గుర్తొచ్చి, పంపు వేసేస్తాడు.

భీమశంకరం లాగ్‌బుక్కు తిరగేస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు. "నిన్న చివరిసారి పంపు ఎన్నింటికి వేశావయ్యా?"

"పన్నెండుంబావుకి రాసుకోండి సార్," అన్నారు బంగార్రాజు గారు.

"ఆయన్ని చెప్పనీయండి."

షంషుద్దీన్ గోడ మీది నాలుగు గీతల వైపు చూశాడు. తర్వాత కృపమ్మ వైపు చూశాడు.

"గుర్తులేదండీ," అన్నాడు.

"సుమారుగా చెప్పు."

"అసలు వేసినట్టే గుర్తులేదు సార్. ఉన్నట్టుంది కానీ అది నిన్నటిదో కాదో తెలీదు. నెలరోజులుగా ఇంతే. ఆ పుస్తకంలో తాతారావు సంతకాలన్నీ నావి. అతను ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయాడు. రెండు షిఫ్టులూ నేనే."

బాయిలర్ మీదినుంచి ఒక బోల్టు జారి నేల మీద పడింది. 

బంగార్రాజు గారి చేతులు వెనకనుంచి ముందుకొచ్చాయి. "సాయిబు గారూ, మీరు అలిసిపోయారు. ఇంటికెళ్ళి..."

"వెళ్తున్నానండీ," అన్నాడు షంషుద్దీన్. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిన ఆపరేటరు సర్టిఫికెట్టు తీసి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు. దాని పక్కనే నిన్నటి ఫ్యూజు పెట్టాడు.

భీమశంకరం ఫ్యూజుని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.  చిట్లిన గాజు వైపు, సుద్దగీతల వైపు టార్చి వేశాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"ఇద్దరు ఆపరేటర్లు, రెండు గాజులు వచ్చేదాకా దీనికి మంట వెయ్యొద్దు," అన్నాడు బంగార్రాజు గారితో. తర్వాత సర్టిఫికెట్టుని వెనక్కి తోశాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ. నువ్వు 'గుర్తుంది' అని ఉంటే నేను సంతకం పెట్టి పదింటి బస్సుకి వెళ్ళిపోయేవాణ్ణి."

గేటు దాకా ఇస్సాకు వెంట వచ్చాడు. మిల్లు ఆగింది. ఎన్నాళ్ళో తెలియదు. ఇస్సాకు పని కూడా ఆగినట్టే. ఖాళీ క్యారేజీ షంషుద్దీన్ చేతికిచ్చాడు.

"ఇవాళైనా తిన్నారా అన్నయ్య గారూ?"

షంషుద్దీన్ క్యారేజీ ఊపి చూశాడు. చంకలో పెట్టుకుని నడిచాడు.

మంగళవారానికి వాళ్ళు ఆకివీడు దాటి ఫహీమ్ ఇంట్లో ఉన్నారు. ఇంటి వెనక కొట్టేసిన చెరువు గట్టు సగం కరిగి మట్టికుప్పలా మిగిలింది. దాని అవతల కొల్లేరు. వేసవికి నీళ్ళు వెనక్కి తగ్గి, పగుళ్ళిచ్చిన బురద మీద కొంగలు తిరుగుతున్నాయి. వానలు పడితే నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని ఫహీమ్ చెప్పాడు. ఎప్పుడని అడిగితే భుజాలెగరేశాడు.

షంషుద్దీన్ అరుగు మీద కూర్చుని కొంగల్ని చూస్తున్నాడు. లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. ఎక్కడో తప్పిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టలేదు.

సెల్‌ఫోను మోగింది. బంగార్రాజు గారు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఎలా ఉందండీ ఒంట్లో? ఒకతన్ని పెట్టాను, అత్తిలి అబ్బాయి. మీ అంత చెయ్యి లేదు. రెండో మనిషి దొరకట్లేదు. ఓ పదిహేను రోజుల్లో వచ్చేస్తారా?"

వస్తానండీ. ఆ మాట నాలుక మీద తయారుగా ఉంది. ఎప్పుడూ ఉంటుంది.

"తెలీదండీ," అన్నాడు షంషుద్దీన్. "ఏడాది పట్టొచ్చంట. ఆ తర్వాతైనా బాయిలర్ దగ్గరికి వస్తానో లేదో తెలీదు."

 అవతల లైను తెగింది. అతను ఫోను పక్కన పెట్టాడు.  

లోపలినుంచి నసీమా తడిచెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. చేపల పులుసు వాసన ఆమెతోపాటు వచ్చింది.

"ఏవండీ, అన్నం తిన్నారా? నేను పెరట్లో బట్టలుతుకుతూ ఉండిపోయాను. ఫహీమ్ పెళ్ళాం పెట్టిందా?"

షంషుద్దీన్ వేళ్ళు వాసన చూసుకున్నాడు. పొద్దున్నుంచి చెయ్యి కడుక్కుంటూనే ఉన్నాడు. ఏమీ తెలియలేదు.

"గుర్తులేదు," అన్నాడు.

 మూడేళ్ళలో ఆ మాట అతని నోట వినటం నసీమాకి అదే మొదటిసారి. ఏడవలేదు, డాక్టరు సంగతి ఎత్తలేదు. లోపలికెళ్ళి కంచం తెచ్చి అతని ముందు పెట్టింది. కొంచెం అన్నం, కొంచెం పులుసు.

"ఆకలుంటే తినండి," అంది, పక్కనే కూర్చుంటూ. "లేకపోతే వదిలేయండి. నేను చూస్తుంటాను."

షంషుద్దీన్ కంచం దగ్గరికి లాక్కున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆకలి వేస్తోంది.